నిమిషానికి నూట నలభై

మడికొండ,
2024 నవంబరు 10, ఆదివారం

చెల్లె వాసంతికి,

అన్న కృష్ణమోహన్ రాస్తున్నది. నవ్వకు. నలభై తొమ్మిదేళ్ల వయసులో ముందర కాగితం పెట్టుకుని కూర్చుంటే మీ వదినె సుకన్య ఇప్పటికే సరిపడా నవ్వింది. ఏం చేయను? ఫోనులో నీ గొంతు ఇసుక జల్లెడ పట్టినట్టు వస్తోంది. ఆ, ఆ అంటూ తల ఊపుతాను. పెట్టేశాక నువ్వేమన్నావో మీ వదినెను అడుగుతాను. మెసేజీ పెడదామంటే నీ హాస్టలు దగ్గర సిగ్నలుకు గుట్ట ఎక్కాలంటివి. అందుకే కాగితం. నువ్వు తెలుగు పంతులమ్మవు కనుక పుస్తకాల్లో ఉన్నట్టే రాస్తున్నాను. సూరత్ నుంచి నేను రాసిన ఉత్తరాలన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది నాకే తిప్పి పంపేదానివి, గుర్తుందా? పదహారేళ్ల పిల్లవు, ఎంత పొగరు నీకు! ఈసారి తప్పు పట్టు చూద్దాం.

అసలు సంగతి. క్యాలెండరు నడిచింది!

తొమ్మిదేళ్లు, వాసంతీ. సూరత్‌లో మా మగ్గాల షెడ్డు గోడకు వేలాడిన క్యాలెండర్లో ఆ ఎర్రటి రెండు సీట్ల పాత రేసు బండి బొమ్మ చూసి, సంవత్సరం అయిపోయాక ఆ కాగితం చింపి పెట్టెలో దాచుకున్నాను కదా. దాని పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు, అందుకే దాన్ని చూసి నేను కట్టిన బండికి క్యాలెండరనే పేరు. కాంటెస్సా ఇంజను, ఫియట్ ఇరుసులు, ఆటోనగర్ ఉప్పలయ్య సుత్తితో కొట్టి వంచిన అల్యూమినియం రేకు, కొత్తవాడ జంపఖానాతో కుట్టించిన సీట్లు. అంతా కలిపి ఏడు వందల కిలోలు లేదు.

మొన్న బుధవారం పొద్దున వెంచర్ రోడ్డెక్కించాను. ఇక్కడ మన మరమగ్గాల షెడ్ల వెనక ప్లాట్లు చేసి అమ్ముతున్నారే, అక్కడ. ఇళ్లు ఇంకా లేవలేదు గానీ రోడ్లు అరవై అడుగులవి, కిలోమీటరు పైన సూటిగా ఉన్నాయి. వాచ్‌మెన్ రాయమల్లు గేటు తీసి, "ఏందే అన్నా ఇది, కూసుంటే కింద భూమి తగుల్తదా?" అన్నాడు. దాదాపు తగులుతుంది. రెండో గేరులో కాలు అదిమేసరికి వీపు సీటుకు అంటుకుపోయింది. నా నోట్లోంచి అరుపొచ్చింది, చిన్నపిల్లాడి అరుపు. మూడో గేరు, నాలుగో గేరు. మలుపులో స్టీరింగు తిప్పినట్టే లేదు, నేను అనుకుంటే చాలు బండి అటు పోయింది. ఆరు రౌండ్లు కొట్టి దిగాను. రాయమల్లు చప్పట్లు కొట్టాడు. నా బతుకులో నాకెవరూ చప్పట్లు కొట్టలేదు.

అంతా బాగుంది, ఒక్క ఠక్కు తప్ప. బండి ఆపి ఇంజను మెల్లగా తిరుగుతుంటే లోపల ఎక్కడో ఠక్, ఠక్, ఠక్. బేరింగు పోతున్నట్టుంది. బాపు మగ్గాలకు చేసినట్టే, దారం చుట్టే ఖాళీ చెక్క కండె ఒక కొస ఇంజనుకు ఆనించి ఇంకో కొస చెవి వెనక ఎముకకు పెట్టి విన్నాను. ఉంది. వీధిలో నడుస్తూనే షెడ్డులో ఎన్నో నంబరు మగ్గానికి రోగం వచ్చిందో చెప్పిన గుండయ్య కొడుకును నేను, ఒక ఠక్కును వదులుతానా? ఇంజను మొత్తం విప్పేస్తాను. తొందరేముంది? చెవులు మెల్లమెల్లగా తగ్గుతాయిగానీ ఇంకో రెండేళ్లు ఢోకా లేదని డాక్టరు అన్నాడని నువ్వే చెప్పావు కదా. ఆ లోపల దాన్ని ఏ మచ్చా లేకుండా ఒక్కసారి వినాలి. సాంతం వినాలి. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

బాపు బాగున్నాడు. మొన్న కరెంటు పోయి షెడ్లన్నీ ఆగిపోతే, ఎప్పటిలాగే ఇంటి ముందరి గద్దె మీద కూర్చుని "ఆ మగ్గం బంద్ చెయ్యున్రా!" అని ఒకటే కేకలు. పిల్లలు నవ్వారు, మేమూ నవ్వాం.

నీ అన్న,
కృష్ణమోహన్


ఏటూరునాగారం,
నవంబరు 24

అన్నా,

మూడు తప్పులు. "అల్యూమినియం" వదిలేస్తున్నాను, అది మన మాట కాదు. ఆ మూడింటి కింద గీతలు గీసి పెట్టాను, వచ్చినప్పుడు చూపిస్తాను. హాస్టలు పిల్లలకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "మేడం, ఆ బండిల మేము కూసుంటమా?" అని అడిగారు. రెండే సీట్లు, మీరు నూట పన్నెండు మంది అని చెప్పాను.

నాకు సెలవు దొరకడం లేదు. ఇద్దరు వార్డెన్ల పని ఒక్కదాన్నే చేస్తున్నాను. ఏప్రిల్ సెలవులదాకా ఇక్కడే.

ఒకటి అడుగుతాను. ఆ ఠక్కును వాచీ పెట్టి లెక్కపెట్టు. నిమిషానికి ఎన్ని? కాలు అదిమితే దాని వేగం పెరుగుతుందా? ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశావా? ఈ విద్య నువ్వు నేర్పిందే, నాకు తెలియదనుకోకు.

ఇంకొకటి. దాన్ని విప్పకు. ఠక్కుంటే ఉండనీ, ఉన్నదున్నట్టు నడుపు. రోజూ నడుపు. ఎందుకని మాత్రం అడగకు.

బాపు కేకల సంగతి చదివి ఈసారి నాకు నవ్వు రాలేదు.

వాసంతి


మడికొండ,
డిసెంబరు 8

చెల్లె వాసంతికి,

నీ ఉత్తరం వచ్చేసరికే విప్పేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి బేరింగులన్నీ మార్చి బిగించాను. స్టార్టు చేశాను. ఠక్. రెండోసారి టైమింగు చైను మార్చాను. ఠక్. ఇప్పుడు మూడోసారి. క్రాంకుతో సహా బయటికి తీసి ముక్కలన్నీ షెడ్డు వెనక గదిలో జంపఖానా మీద పరిచాను. క్రాంకు పట్టుకుని ఆటోనగర్‌లో ముగ్గురు టర్నర్ల దగ్గరికి తిరిగాను. వెంట్రుకంత తేడా కూడా లేదంటున్నారు.

నువ్వడిగినవి చెబుతాను. ప్లగ్గు వైర్లు నాలుగూ ఒక్కొక్కటే పీకి చూశాను. ఏది పీకినా ఠక్కు మారలేదు. వాచీ పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి నూట నలభై. కాలు అదిమితే ఇంజను రొదలో మునిగిపోతుంది, వదిలితే మళ్లీ అదే నూట నలభై. ఇదేం రోగమో నాకు అంతుపట్టడం లేదు.

ఉప్పలయ్యను తీసుకొచ్చి వినమన్నాను. "నాకేం వినపడ్తలేదే అన్నా, ఇంజను పాలు కారినట్టున్నది" అన్నాడు. ముప్పై ఏళ్లు రేకు మీద సుత్తి కొట్టినవాడికి ఏం వినపడుతుంది? సుకన్యను వినమన్నాను. తనకూ ఏమీ వినపడలేదట. నేను టీ అడిగితే కూడా ఆమెకు వినపడదు, ఆ మాట వేరే.

నవ్వుతూ రాస్తున్నానుగానీ నాకు మతి పోతోంది వాసంతీ. అన్నం ముందు కూర్చుంటే అదే ఆలోచన. నిన్న పానా విసిరికొడితే గోడ పెచ్చు ఊడింది. షెడ్డులో పనికి పోయినా మనసు అక్కడ లేదు. పన్నెండో నంబరు మగ్గం దారాలు తెంపుతుంటే నేను గమనించలేదని సేటు కసురుకున్నాడు. నిజంగానే వినపడలేదు. షెడ్డు మొత్తం గోడ అవతల నడుస్తున్నట్టుంది.

ఇంత పని వచ్చి, ఒక్క శబ్దం పట్టుకోలేకపోతున్నాను. రోజూ నడుపు అని రాశావు, ఎందుకని అడగొద్దన్నావు. ఏమైందే నీకు?

కృష్ణమోహన్


ఏటూరునాగారం,
డిసెంబరు 22

అన్నా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది.

బండి ఆగి ఉన్నా ఇంజను నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరుగుతుంది, అది నువ్వే నాకు చెప్పావు. అందులో బేరింగు పోతే నిమిషానికి నూట నలభైసార్లు ఎట్లా కొడుతుంది? కాలు అదిమినా ఎందుకు పెరగదు? ఏ వైరు పీకినా ఎందుకు మారదు? ఈ లెక్క నాకంటే నీకు బాగా తెలుసు. తెలిసీ పక్కన పెట్టావు.

నూట నలభై ఎక్కడిదో కూడా నీకు తెలుసు. సూరత్‌లో నీ మగ్గం నిమిషానికి ఎన్ని పోట్లు వేస్తుందని చిన్నప్పుడు అడిగితే నూట నలభై అని రాశావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది.

ఇంజను ముక్కలుగా పరిచి ఉందన్నావు కదా. షెడ్లు నడవని ఆదివారం, కరెంటు లేని వేళ చూసుకుని ఆ ముక్కల పక్కన కూర్చో. తలుపు వేసుకో. కండె కూడా వద్దు. ఊరికే కూర్చుని విను.

ఇప్పుడు నా తప్పు. హన్మకొండలో చెవుల డాక్టరు చేతికిచ్చిన రిపోర్టు నేను దాచాను. రెండేళ్లు అనలేదు ఆయన. కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది ఆరు నెలలు ఉంటే గొప్ప అన్నాడు. మిషను పెట్టినా పెద్దగా లాభం ఉండదన్నాడు. నువ్వు బయట బల్ల మీద కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నావు. నోట్లోంచి రెండేళ్లు అని వచ్చింది. నువ్వు భయపడతావని అన్నాను. ఆ అబద్ధం నమ్మి నువ్వు ఇప్పటికి నెలన్నర విప్పి బిగించడంలోనే పోగొట్టుకున్నావు. నడుపు, వెంటనే నడుపు, విను అని చెప్పాల్సినదాన్ని, ఎందుకని అడగకు అని రాశాను.

పదిహేనేళ్లకు నువ్వు మగ్గం దగ్గర నిలబడ్డావు కాబట్టి నేను బడిలో కూర్చున్నాను. నీ చెవులు ఖర్చయింది నా చదువుకే. ఆ చదువుతో నేను నీకు చేసింది ఇదీ.

తిట్టు అన్నా. ఎంతైనా తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

వాసంతి


మడికొండ,
2025 జనవరి 5

వాసంతీ,

ఈ పొద్దు కరెంటు లేదు. షెడ్లు బంద్. తలుపేసుకుని కూసున్న. పిస్టన్లు నాలుగు వరుసగ పెట్టి ఉన్నయి. క్రాంకు గోడకు ఒరిగి ఉన్నది. ఇంజనే లేదు.

ఠక్. ఠక్. ఠక్.

వాచీ పెట్టి చూసిన. నూట నలభై.

ఇన్ని రోజులు ఇంజను బంద్ చేసినంక గూడ వినపడేది. పక్క షెడ్లదనుకున్న. మన దగ్గర మగ్గం సప్పుడు లేనిదెప్పుడే? ఎవడనుకుంటడు అది తలకాయల ఉన్నదని?

రెండు చెవులు మూసుకున్న. ఇంకింత గట్టిగ వచ్చింది. అప్పుడే బాపు తలుపు నూకి వచ్చిండు. నన్ను చూసిండు, నా చేతులు చూసిండు. కింద కూసున్నడు. "నీగ్గూడ మొదలైందా బిడ్డా" అన్నడు. నేనేమన్నా ఆయనకు వినపడదు. "బంద్ గాదురా అది. ముప్పై ఏండ్ల సంది నాకు బంద్ గాలే. బంద్ చెయ్యున్రా అని నేను ఒర్లుతాంటే మీరు నవ్వేటోళ్లు. చెప్తే నమ్ముతరా అని, నేను గూడ నవ్విన" అన్నడు.

ముప్పై ఏండ్లు నవ్వినం వాసంతీ, అందరం.

రిపోర్టు దాచినవ్. నీకు నేనేం చేసిన్నే?

ఇది దిద్దకు.


ఏటూరునాగారం,
జనవరి 19

అన్నా,

దిద్దలేదు. పెన్ను ముట్టలేదు.

గుట్ట ఎక్కి వదినెకు ఫోను చేశాను. పగలంతా గదిలో తలుపేసుకుంటున్నావని, సుత్తి చప్పుడు వస్తోందని చెప్పింది. బండి పగలగొడుతున్నావా, బిగిస్తున్నావా? ఒక్క ముక్క రాయి. ఉత్త కాగితం పంపినా సరే, నీ చేత్తో మడిచింది పంపు.

వాసంతి


మడికొండ,
ఫిబ్రవరి 9

చెల్లె వాసంతికి,

బిగించాను. మళ్లీ పుస్తకాల తెలుగులో రాస్తున్నాను, కోపం పోయిందని అనుకో. పోలేదు, కానీ నీ మీద ఎక్కువసేపు పెట్టుకోలేను.

ఒక విచిత్రం జరిగింది. సైలెన్సర్ బిగించడానికి క్లాంపు దొరకలేదు. ఏమైతే అదైందని పైపు అట్లాగే వదిలేసి వెంచర్‌కు పోయాను. మూడో గేరులో నాలుగు వేల చుట్లు, ఐదు వేలు, ఐదున్నర. పైపు నా పక్కనే, ఎడమ వైపు తెరుచుకుని ఉంది. అప్పుడు ఆగింది వాసంతీ. మగ్గం ఆగింది!

మొదట అర్థం కాలేదు. ఏదో పోయినట్టుంది, ఏమిటది అనుకున్నాను. ఠక్కు లేదు. అంత రొదలో నా తల లోపల మాత్రం నిశ్శబ్దం. పదిహేనో ఏట షెడ్డులో అడుగు పెట్టిన తరువాత నాకు అట్లాంటిది తెలియదు. రోడ్డు కొసకు పోయి మలుపు తిప్పి మళ్లీ అదిమాను. గేరు మార్చేటప్పుడు ఆ అరక్షణం మగ్గం తొంగి చూస్తుంది, క్లచ్చు వదలగానే పోతుంది. నేను ఏడుస్తూ నడిపాను. అద్దం లేని బండి కదా, కన్నీళ్లు చెవుల వైపు పోయాయి. రాయమల్లు పరుగెత్తుకొచ్చి, "దెబ్బ తాకిందా అన్నా?" అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

అప్పటినుంచి రోజూ పొద్దున పోతున్నాను. పావుగంట అనుకుంటాను, గంటవుతుంది. పెట్రోలు ముల్లు పడిపోతేనే ఇంటికి. క్యాలెండరు ఇంత బాగా నడుస్తుందని నేనే అనుకోలేదు. వంద దాటాక ముందు చక్రాలు రోడ్డును నాలుకతో రుచి చూస్తున్నట్టు ఉంటాయి, చిన్న గులకరాయి కూడా చేతికి తెలుస్తుంది. బాపును కూర్చోబెట్టుకుని తిప్పాను. దిగి తల అడ్డంగా ఊపాడు. ఆయనకు ఆగలేదు. ఆయనకు వినికిడి చుక్క కూడా మిగల్లేదు, అందుకే కాబోలు.

సైలెన్సర్ క్లాంపు మర్నాడే దొరికింది. బిగించలేదు.

కృష్ణమోహన్


ఏటూరునాగారం,
ఫిబ్రవరి 23

అన్నా,

నీ ఉత్తరం చదివి సంతోషపడ్డాను. రెండోసారి చదివి భయపడ్డాను.

ఆ పైపు నీ ఎడమ చెవి పక్కనే ఉంది. మిగిలింది ఆ చెవే. పెద్ద శబ్దం దగ్గరికి పోవద్దని, పోతే ఉన్న ఆరు నెలలు కూడా ఉండవని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. మగ్గాన్ని ఆపుతున్న ఆ రొదే నీ చెవిని తింటోంది. నీకు అది తెలియదని నేననుకోను.

ఆగడం ఎంత హాయిగా ఉందో రాశావు. దాన్ని వదులుకోమనడానికి నాకు నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను. నేను స్వార్థపరురాలినే అనుకో. ఏప్రిల్ ఇరవై నాలుగున సెలవులు. బస్సు దిగి నేరుగా వస్తాను. నీ ఎడమ వైపు కూర్చుని మాట్లాడతాను. నీకు చెప్పాల్సినవి ఉన్నాయి, కాగితం మీద పెట్టలేనివి. అవి నువ్వు నా గొంతులో వినాలి. నా గొంతు నువ్వు ఫోనులో కాకుండా విని నాలుగు నెలలైంది.

అప్పటిదాకా ఆ కాస్త చెవి నాకోసం ఉంచు. సైలెన్సర్ బిగించు. నీ కాళ్లు పట్టుకుంటాను.

వాసంతి


మడికొండ,
మార్చి 9

చెల్లె వాసంతికి,

బిగించాను. రెండు క్లాంపులు, నాలుగు బోల్టులు. పానా బాపు చేతికిచ్చి దాచమన్నాను.

బండి మీద దుప్పటి కప్పాను. మగ్గం నడుస్తోంది. నడవనీ. ఇంకా నలభై ఆరు రోజులు.

కృష్ణమోహన్


ఏటూరునాగారం,
జూన్ 15

అన్నా,

బడులు తెరిచారు. నూట పన్నెండు మందికి బదులు ఈసారి నూట ముప్పై మంది.

మూడు వారాలు నీ ఇంట్లో ఉన్నాను. రోజూ గద్దె మీద నీ ఎడమ వైపు కూర్చుని మాట్లాడాను. రిపోర్టు దాచినందుకు క్షమించమని అడిగాను, ఇంకా ఎన్నో చెప్పాను. నువ్వు తల ఊపావు, నా చేయి పట్టుకున్నావు, సరైన చోట నవ్వావు. వదినె కూడా నమ్మింది.

రెండో రోజు వంటింట్లోంచి వచ్చి, "గ్యాస్ లీకైతాంది అన్నా" అన్నాను. "మంచిది, మంచిది" అన్నావు.

అప్పుడే తెలిసింది. ఆ తరువాత పంతొమ్మిది రోజులు, నీకు వినపడటం లేదని తెలిసీ మాట్లాడుతూనే ఉన్నాను. నువ్వు వింటున్నట్టు కూర్చుంటే నేను చెబుతున్నట్టు కూర్చున్నాను. ఆగిపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు ఏడవాలి.

ఎప్పుడు పోయింది అన్నా? నేను రాకముందేనా? నిజం రాయి. మనమిద్దరం దాచుకున్నది చాలు.

వాసంతి


మడికొండ,
జూన్ 22

వాసంతీ,

ఏప్రిల్ మొదట్లనే పోయింది. సైలెన్సర్ బిగించినంక మూడు వారాలకు. ఒక పొద్దున లేస్తే సుకన్య నోరు కదుల్తాంది, సప్పుడు లేదు. మగ్గం ఒక్కటే మిగిలింది. నీకు రాయలే. రానీ, ఒచ్చి మాట్లాడనీ, పెదాలు చూసుకుంట నడిపిద్దామనుకున్న. నువ్వు ఏడ్చుకుంట ఏదో చెప్పినవ్ ఒకరోజు. అదేనా, క్షమించు అన్నది? నాకు మగ్గమే వినపడ్డది.

నువ్వు పోయినంక మళ్ల పైపు విప్పి ఒక్కన్నే వెంచర్‌కు పోయిన. ఐదు వేలు, ఐదున్నర, ఆరు వేలు. ఆగలే. ఇగ ఆగదు. బాపు తల అడ్డం ఎందుకు ఊపిండో ఇప్పుడు తెలిసింది.

నీ మీద కోపం లేదు. రొదకు దూరం ఉన్నా పోయేదే పోయింది. కాని నలభై ఆరు రోజులు దుప్పటి కప్పిపెట్టిన, అది తల్చుకుంటే పానం మీద తీపి పోతాంది. అందుల చెవి ఉన్న మూడు వారాల పొద్దుగాలలు దాంట్ల కూసుంటే నాకు మగ్గం ఆగు.

తొమ్మిదేండ్లు చేసిన. ఒక్కసారన్న దాన్ని మచ్చ లేకుండ వినలే. మొదట విన్నన్ని రోజులు ఠక్కు వెతికిన, ఠక్కు ఆగిన నెల రోజులు ఆ ఆగుడే విన్న గని బండిని వినలే, ఇప్పుడు చెవి లేదు. వినలేని బండి నాకెందుకు? వచ్చే ఆదివారం ఉప్పలయ్య కట్టర్ తెస్తాండు. కోసి తుక్కు కింద ఇచ్చేస్త. వద్దని రాయకు.


ఏటూరునాగారం,
జూన్ 25, బుధవారం

అన్నా,

వద్దని రాయను. పోస్టును నమ్మక హన్మకొండ బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను. ఆదివారం లోపల అందుతుంది. కట్టర్ ముట్టించే ముందు ఇది చదువు.

మే నెలలో నేను తిరిగొచ్చే ముందు రోజు, నాకు చూపించాలని బాపు దగ్గర పానా తీసుకుని పైపు విప్పావు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టావు. నువ్వు పక్కన కళ్లు మూసుకుని, వింటున్నట్టు నవ్వుతూ కూర్చున్నావు. నీకు వినపడదని నాకు తెలుసు కాబట్టి నీ బదులు నేను విన్నాను. ఇంత శ్రద్ధగా నేను దేన్నీ వినలేదు. మూడు రౌండ్లు. విన్నది రాస్తున్నాను.

తాళం తిప్పగానే ఒక దగ్గు, తరువాత గొంతు సవరించుకున్నట్టు గురగుర. ఆగి ఉన్నప్పుడు అంబలి ఉడికినట్టు బుడబుడ, మధ్యలో ఒక బుడగ తప్పుతుంది. కదిలాక బొంగురు. రెండున్నర వేల దగ్గర, కాలు సగం అదిమితే, లోపలినుంచి సన్నటి ఈల, సుయ్‌మని. మూడు వేలు దాటాక ఈల మునిగిపోయి గొంతు విచ్చుకుంటుంది. నాలుగు వేల పైన కొత్త తాను పట్టి చింపినట్టు, చింపుతూనే ఉన్నట్టు, తాను ఎంతకీ అయిపోనట్టు. కాలు తీస్తే పైపులో పేలాలు వేగుతాయి. ఐదున్నర వేల దగ్గర ఏముందో నేను రాయలేను. దానికి తెలుగులో మాట లేదు.

ఠక్కు లేదు అన్నా. మూడు రౌండ్లలో ఎక్కడా లేదు. అది నా చెవి మీద ఒట్టు.

ఇక నీ ఇష్టం.

వాసంతి


మడికొండ,
జూలై 6

చెల్లె వాసంతికి,

నీ ఉత్తరం నీకే తిప్పి పంపుతున్నాను. ఎర్ర పెన్నుతో దిద్దాను. సుకన్య దుకాణానికి పోయి కొనుక్కొచ్చింది.

బుడగ తప్పుతుందని రాసినవ్. తప్పదు, అది క్యామ్‌షాఫ్టు గుణం, దాన్ని తప్పు అనొద్దు. కొట్టేసిన. తాను చింపినట్టు అన్నవ్. ఏ తాను? సూరత్ పాలిస్టర్ తాను చింపితే ఒక తీరు, నూలు తాను చింపితే ఇంకో తీరు. సాలోళ్ల ఇంట్ల పుట్టి గిట్ల రాస్తరా? పక్కకు సున్నా పెట్టిన. తెలుగులో మాట లేదన్న కాడ రెండు గీతలు కొట్టిన. పంతులమ్మవు, లేదంటే ఎట్ల? ఎతుకు.

ఇగ ఈల. ఆ లైను నాలుగుసార్లు చదివిన. రెండున్నర వేలకు, కాలు సగం అదిమితే, సుయ్. మూడు వేలు దాటితే మునుగుతది. వాసంతీ, అది రెండో కార్బొరేటర్ కింద వేసే అట్ట, గాస్కెట్. గాలి పీలుస్తాంది. మొదటి రోజు నుంచే ఉండి ఉంటది. నేను లేని ఠక్కు కోసం మూడుసార్లు ఇంజను విప్పిన, ఉన్న ఈల ఒక్కసారి వినలే.

ఉప్పలయ్య ఆదివారం కట్టర్ తెచ్చిండు. నేను బానెట్ లేపి కార్బొరేటర్ విప్పుకుంట కూసున్న. "కోద్దామా అన్నా?" అని సైగ చేసిండు. ముందుగాల గాస్కెట్ చూసుకోనియ్యి అన్న. విప్పితే ఒక మూలకు చీలి ఉన్నది, గోరంత. ఉప్పలయ్యకు చూపెట్టిన. కట్టర్ పక్కకు పెట్టి టీ తాగి పోయిండు.

కొత్తది కోసి వేసిన. నట్లు బిగించిన. ఈల పోయిందో లేదో నాకు తెల్వది. ఇక్కడ చెప్పేటోడు ఎవడు లేడు. ఉప్పలయ్యకు పాలు కారినట్టే ఉంటది, సుకన్య మంచిగున్నది అంటది.

మగ్గం నడుస్తనే ఉన్నది. రాస్తాంటే గూడ నడుస్తాంది. బతుకమ్మ సెలవులకు నువ్వు రా. నువ్వు నడుపు, నేను పక్కన కూసుంట, ఈసారి విన్నట్టు నవ్వను. ఇంటికొచ్చి కాగితం తీసి అంతా రాయి. ఈల ఉన్నదా పోయిందా రాయి. నూలు తానా, పాలిస్టరా, అది గూడ రాయి.

నీ అన్న,
కృష్ణమోహన్